సర్వీస్ పడిపోతే లేపేదెవరు? ఇనిట్ సిస్టమ్ ఎంచుకునే ముందు

ఒకసారి రాత్రిపూట కరెంటు పోయి మా సర్వర్ ఆగిపోయింది. కరెంటు వచ్చాక మెషిన్ తనంతట తానే లేచింది, లాగిన్ కూడా అయింది. దాని మీద నడవాల్సిన అప్లికేషన్ మాత్రం లేదు. స్టార్ట్ స్క్రిప్ట్ నడిపితే "ఇప్పటికే నడుస్తోంది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. నడవడం లేదని కళ్లకు కనిపిస్తూనే ఉంది! అరగంట జుట్టు పీక్కున్నాక సంగతి బయటపడింది. ఆ అప్లికేషన్ తన ప్రాసెస్ నంబరును డేటా డైరెక్టరీలో ఒక చిన్న ఫైల్‌లో రాసుకునేది. ఉన్నపళంగా కరెంటు పోవడంతో ఆ ఫైల్ తీసేసే అవకాశం దానికి దొరకలేదు. ఫైల్‌లో 614 అని ఉంది. మెషిన్ మళ్లీ లేచినప్పుడు ఆ 614 నంబరు, వేళకి పనులు నడిపే క్రాన్ అనే ప్రోగ్రామ్‌కి వెళ్లింది. స్క్రిప్ట్ చూసేది ఒక్కటే: ఆ నంబరుతో ఏదైనా ప్రాసెస్ ఉందా? ఉంది కాబట్టి దాని లెక్కలో అంతా బాగానే ఉంది. ఇంకా నయం, నేను "స్టాప్" కొట్టలేదు. కొట్టి ఉంటే క్రాన్‌ని చంపేసేది.

మెషిన్ ఆన్ అయ్యాక సర్వీసులన్నిటినీ లేపేది ఇనిట్ సిస్టమ్. అందులో ఏది మంచిదని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ 614 గుర్తొస్తుంది. చాలామంది బూట్ ఎన్ని సెకన్లలో అవుతుందో పోలుస్తారు. నెలల తరబడి రీబూట్ చేయని సర్వర్‌కి నాలుగు సెకన్లు మిగిలితే ఎంత, మిగలకపోతే ఎంత? అడగాల్సిన ప్రశ్న వేరు. సర్వీస్ చచ్చిపోతే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది, ఎలా తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తారు?

మూడు పనులు, ఒక పేరు

కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లేచాక మొట్టమొదట నడిపే ప్రోగ్రామ్‌కి ప్రాసెస్ నంబరు 1 వస్తుంది. అది చచ్చిపోతే లైనక్స్‌లో కెర్నల్ పానిక్ అయి మెషిన్ మొత్తం ఆగిపోతుంది. తల్లి ప్రాసెస్ పోయి అనాథలైన ప్రాసెస్‌లను చేరదీసి, అవి ముగిశాక వాటి లెక్క మూయడం దాని బాధ్యత. ఇది ఒక పని. సర్వీసులను సరైన వరసలో లేపడం రెండో పని. లేచినవాటిని కనిపెట్టుకుని ఉండి, పడితే మళ్లీ లేపడం మూడో పని. మూడింటినీ కలిపి మనం ఇనిట్ అనేస్తాం. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు మూడూ చేస్తాయి, కొన్ని ఒకటి రెండు చేసి మిగతాది వేరేవాళ్లకి వదిలేస్తాయి. పోలికలు గందరగోళంగా మారేది ఇక్కడే.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. చాలా సందర్భాల్లో మీరు ఎంచుకునేది ఇనిట్‌ని కాదు, డిస్ట్రోని, అంటే లైనక్స్‌ని మిగతా సాఫ్ట్‌వేర్‌తో కలిపి కట్టగట్టి ఇచ్చే ప్యాకేజీని. ఇనిట్ దాని వెంటే వస్తుంది. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, రెడ్ హ్యాట్, ఆర్చ్, ఓపెన్‌సూసే తీసుకుంటే సిస్టమ్‌డి. ఆల్పైన్ తీసుకుంటే ఓపెన్‌ఆర్‌సి. వాయిడ్ అయితే రనిట్. కైమెరా లైనక్స్ అయితే డినిట్. జెంటూ ఓపెన్‌ఆర్‌సి, సిస్టమ్‌డి రెంటినీ ఇస్తుంది. ఆర్టిక్స్‌లో ఓపెన్‌ఆర్‌సి, రనిట్, ఎస్6, డినిట్‌లలో మీకు నచ్చింది పెట్టుకోవచ్చు. డిస్ట్రోతో వచ్చినదాన్ని పీకేసి వేరేది పెట్టడం సాధ్యమే. కాకపోతే ఆ తర్వాత ప్రతి ప్యాకేజీకీ స్టార్టప్ ఫైల్ మీరే రాసుకోవాల్సి రావచ్చు, ప్రతి అప్‌గ్రేడ్‌కీ టెన్షన్ పడాల్సి రావచ్చు. సరదాకి చేస్తే బాగుంటుంది. జీతం ఇచ్చే సర్వర్ మీద వద్దు.

పాత సిస్‌వి ఇనిట్

1980ల యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. రన్‌లెవెల్‌కి (మెషిన్ ఏ స్థితిలో నడవాలో చెప్పే అంకె) ఒక డైరెక్టరీ, అందులో ఎస్20, కె80 లాంటి పేర్లతో స్క్రిప్ట్‌లు. ఎస్ అంటే స్టార్ట్, కె అంటే కిల్, అంకె అంటే వరస. అర్థం చేసుకోవడానికి పది నిమిషాలు చాలు. సర్వీసును లేపడం వరకే దాని బాధ్యత, ఆ తర్వాత ఏమైందో పట్టించుకోదు. పట్టించుకోవాలంటే ప్రాసెస్ నంబరు రాసిన ఫైలే ఆధారం, దాని సంగతి పైన చూశారు. నిజానికి ఇనిట్‌ట్యాబ్ ఫైల్‌లో "రీస్పాన్" అని రాస్తే చచ్చిన ప్రాసెస్‌ని మళ్లీ లేపే ఏర్పాటు మొదటినుంచీ ఉంది. మామూలు సర్వీసులకి దాన్ని వాడే అలవాటే జనంలో పెరగలేదు, అదే విచిత్రం. డెవువాన్‌లో ఇది ఇంకా హాయిగా నడుస్తోంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మాత్రం నేను చెప్పను.

సిస్టమ్‌డి: అందరూ తిట్టేది, అందరూ వాడేది

లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ 2010లో దీన్ని మొదలుపెట్టారు. 2011లో ఫెడోరా 15తో డిఫాల్ట్ అయింది. డెబియన్‌లో మాత్రం పెద్ద గొడవే జరిగింది. 2014 ఫిబ్రవరిలో సాంకేతిక కమిటీ ఓట్లు సమానంగా చీలితే, అధ్యక్షుడి ఓటుతో సిస్టమ్‌డి నెగ్గింది. నచ్చనివాళ్లు విడిపోయి డెవువాన్ పెట్టుకున్నారు. 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 రెండూ దీనితోనే వచ్చాయి.

దీని అసలు బలం బూట్ వేగం కాదు, సీగ్రూప్‌లు. ప్రతి సర్వీసునీ, అది కన్న పిల్ల ప్రాసెస్‌లన్నిటినీ కెర్నల్ సాయంతో ఒకే గుంపులో పెడుతుంది. సర్వీస్ ఎన్నిసార్లు ఫోర్క్ అయినా, అంటే కొత్త ప్రాసెస్‌లను పుట్టించినా, ఆ గుంపులోంచి ఊరికే జారిపోలేదు. నంబరు రాసిన ఫైల్‌ని నమ్ముకోవాల్సిన పని చాలావరకు తప్పింది. సిస్టమ్‌సిటిఎల్ స్టేటస్ కొడితే ఆ గుంపు చెట్టులా కనిపిస్తుంది, కింద చివరి పది లాగ్ లైన్లు కూడా ఉంటాయి. రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఉన్నవాడికి ఆ ఒక్క స్క్రీన్ ఎంత మేలో అనుభవిస్తేగానీ తెలియదు. మెమొరీ పరిమితి, ఫైల్ సిస్టమ్‌ని రీడ్-ఓన్లీ చేయడం, సర్వీసుకి సొంత టెంప్ డైరెక్టరీ ఇవ్వడం, ఇవన్నీ ఒక్కో లైన్‌తో అయిపోతాయి. అదే రక్షణ షెల్ స్క్రిప్ట్‌తో పెట్టుకోవాలంటే ఒక రోజు పని.

కానీ చాలామందికి తెలియని చిక్కులు కొన్ని ఉన్నాయి. మొదటిది: చచ్చిన సర్వీసును సిస్టమ్‌డి దానంతట అది మళ్లీ లేపదు. రీస్టార్ట్ అనే సెట్టింగ్ డిఫాల్ట్ విలువ "నో". సర్వీసు వివరాలు ఉండే యూనిట్ ఫైల్‌లో "ఆన్-ఫెయిల్యూర్" అనో "ఆల్వేస్" అనో మీరే రాయాలి. రాశాక రెండో చిక్కు. మళ్లీ లేపే ముందు అది ఆగేది 100 మిల్లీసెకన్లు మాత్రమే. పది సెకన్లలో ఐదుసార్లు ప్రయత్నించాక "మరీ త్వరత్వరగా అడుగుతున్నావు" అని చెప్పి చేతులెత్తేస్తుంది. ఇప్పుడు ఇలా ఊహించండి. మీ అప్లికేషన్‌కి డేటాబేస్ కావాలి, ఆ డేటాబేస్ ఉన్న మెషిన్ లేవడానికి ఇంకో అర నిమిషం పడుతుంది. కనెక్షన్ దొరక్క మీ అప్లికేషన్ వెంటనే చచ్చిపోతుంది, లేస్తుంది, మళ్లీ చస్తుంది. ఐదు అవకాశాలూ కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి. అర నిమిషం తర్వాత డేటాబేస్ వచ్చి చూస్తే, పలకరించేవాళ్లు ఎవరూ ఉండరు. రీస్టార్ట్ మధ్య ఐదో పదో సెకన్ల ఎడం పెడితే ఈ బాధ ఉండదు. నేను రాసే ప్రతి యూనిట్ ఫైల్‌లో ఆ లైన్ తప్పకుండా ఉంటుంది.

మూడోది "ఆఫ్టర్", "రిక్వైర్స్" అనే రెండు మాటలు. ఆఫ్టర్ అంటే వరస మాత్రమే, రిక్వైర్స్ అంటే అవసరం మాత్రమే. రిక్వైర్స్ ఒక్కటే రాస్తే రెండు సర్వీసులూ ఒకేసారి పరుగు మొదలుపెడతాయి. ఆఫ్టర్ ఒక్కటే రాస్తే, అవతలి సర్వీసును ఎవరూ లేపకపోయినా ఇది వెళ్లిపోతుంది. సాధారణంగా రెండూ రాయాలి. రెండూ రాసినా, అవతలిది "లేచింది" అంటే ప్రాసెస్ పుట్టింది అనేనా, పనికి సిద్ధమైంది అనా? సర్వీస్ టైప్ "సింపుల్" అయితే పుడితే చాలు. "నోటిఫై" అయితే ప్రోగ్రామే "నేను రెడీ" అని కబురు పంపాలి. తెలియక చాలామంది దీన్ని స్లీప్ 10 (పది సెకన్లు ఊరికే ఆగు) పెట్టి సర్దుకుంటారు. నేనూ పెట్టాను, ఒప్పుకుంటాను.

ఇక షట్‌డౌన్ అప్పుడు "స్టాప్ జాబ్ నడుస్తోంది" అంటూ నిమిషంన్నర కూర్చోబెట్టే స్క్రీన్ చాలామందికి తెలిసిందే. మొండిగా ఆగని సర్వీసును చంపే ముందు 90 సెకన్లు ఆగడం దాని డిఫాల్ట్, తగ్గించుకోవచ్చు.

విమర్శల్లో కొన్నిటికి నిజంగానే బరువుంది. లాగ్‌లు బైనరీ ఫైల్స్‌లో ఉంటాయి, చదవాలంటే జర్నల్‌సిటిఎల్ ఉండాల్సిందే. లైనక్స్ తప్ప వేరే కెర్నల్ మీద నడవదు. లాగిన్, నెట్‌వర్క్, డీఎన్ఎస్, టైమర్లు అన్నీ ఒకే ప్రాజెక్టు గొడుగు కిందికి చేరాయి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో 2024 మార్చిలో బయటపడిన బ్యాక్‌డోర్ (దొంగదారి) గుర్తుందా? ఎస్ఎస్‌హెచ్ సర్వర్ నేరుగా ఆ లైబ్రరీని వాడదు. "నేను రెడీ" కబురు పంపడం కోసం కొన్ని డిస్ట్రోలు ఎస్ఎస్‌హెచ్‌కి లిబ్‌సిస్టమ్‌డి తగిలించాయి, దాని తోకపట్టుకుని ఎక్స్‌జెడ్ లోపలికి వచ్చింది. ఆ కబురు నిజానికి ఒక సాకెట్‌లోకి చిన్న వాక్యం రాయడమే, పాతిక లైన్ల కోడ్‌తో అయిపోయేది. తప్పంతా సిస్టమ్‌డిదే అనడం అన్యాయం. అయినా అంత పెద్ద లైబ్రరీని అంత చిన్న పనికి మోసుకురావడం వల్ల ఏమవుతుందో ఆ సంఘటన చూపించింది.

ఓపెన్‌ఆర్‌సి: స్క్రిప్ట్‌లు నచ్చేవాళ్లకి

రాయ్ మార్పుల్స్ జెంటూ కోసం 2007లో తయారుచేసింది. సిస్‌విలోని మంచి అలవాట్లు ఉంచి, డిపెండెన్సీలు చేర్చినట్టు ఉంటుంది. స్క్రిప్ట్‌లో "డిపెండ్" అనే చిన్న ఫంక్షన్‌లో నీడ్, యూజ్, ఆఫ్టర్ లాంటి మాటలతో చెప్పేస్తే వరస అదే కూర్చుకుంటుంది. సర్వీసును బూట్‌లో చేర్చాలంటే ఆర్‌సి-అప్‌డేట్ యాడ్, అంతే. ఆల్పైన్‌లో ప్రాసెస్ నంబరు 1 బిజీబాక్స్ ఇనిట్, ఓపెన్‌ఆర్‌సి దాని చేతికింద పనిచేస్తుంది. రెండూ కలిపినా చాలా చిన్నవి.

మన ప్రశ్నకు వస్తే, మామూలుగా ఇది కూడా చచ్చిన సర్వీసును లేపదు. ఆర్‌సి-స్టేటస్‌లో "క్రాష్డ్" అని ఎర్రగా చూపిస్తుంది, మీరు చూస్తేనే తెలుస్తుంది. స్క్రిప్ట్‌లో సూపర్‌వైజర్‌గా సూపర్‌వైజ్-డీమన్ పేరు ఒక్క లైన్‌లో రాస్తే మాత్రం కనిపెట్టుకుని ఉంటుంది. ఆ లైన్ గురించి తెలియక ఓపెన్‌ఆర్‌సిలో ఆ సౌకర్యమే లేదనుకునేవాళ్లు బోలెడుమంది. చిన్న రూటర్లు, పాత ల్యాప్‌టాప్‌లు, ఒకటి రెండు సర్వీసులు నడిపే చిన్న వర్చువల్ మెషిన్లు ఉంటే నా ఓటు దీనికే.

రనిట్: మూడు లైన్ల సుఖం

గెరిట్ పేప్ రాసిన రనిట్ వెనక ఉన్న ఆలోచన డి. జె. బెర్న్‌స్టీన్ డీమన్‌టూల్స్‌ది. ప్రతి సర్వీసుకీ ఒక డైరెక్టరీ, అందులో "రన్" అనే ఒక స్క్రిప్ట్. ఆ స్క్రిప్ట్ మామూలుగా మూడు లైన్లు. మొదటిది ఏ షెల్‌తో నడపాలో చెబుతుంది, రెండోది ఎర్రర్లను మామూలు అవుట్‌పుట్‌లో కలుపుతుంది, మూడోది ఎగ్జెక్ అని రాసి ప్రోగ్రామ్ పేరు. ఆ డైరెక్టరీకి వార్ సర్వీస్‌లో ఒక లింక్ పెడితే, ఐదు సెకన్లకోసారి చూస్తుండే రన్‌ఎస్‌విడిర్ దాన్ని గమనించి లేపుతుంది. లింక్ తీసేస్తే ఆపుతుంది. ప్రతి సర్వీసుకీ ఒక రన్‌ఎస్‌వి ప్రాసెస్ తల్లిగా కూర్చుంటుంది. పిల్ల చచ్చిన సంగతి తల్లికి కెర్నలే చెబుతుంది, నంబర్ల ఫైల్ అవసరమే రాదు. చచ్చిన దాన్ని లేపడం ఇక్కడ డిఫాల్ట్, ఎవరూ అడగక్కర్లేదు. మా 614 కథ రనిట్‌లో జరిగే వీలే లేదు.

ఒక్క షరతు. ప్రోగ్రామ్ ముందువైపే నడవాలి, బ్యాక్‌గ్రౌండ్‌లోకి పారిపోకూడదు. పాతకాలపు డీమన్‌ని (తెర వెనక నడిచే ప్రోగ్రామ్‌ని) ఆ అలవాటు మాన్పించకుండా పెట్టారనుకోండి. అది ఫోర్క్ అయి వెనక్కి వెళ్తుంది, పిల్ల పోయిందనుకుని రన్‌ఎస్‌వి ఇంకోటి లేపుతుంది, రెండోది "పోర్ట్ ఖాళీ లేదు" అని చస్తుంది, సెకను ఆగి మళ్లీ. ఎస్‌వి స్టేటస్ ఎప్పుడు చూసినా "రన్, 0 సెకన్లు" లేదా "1 సెకను" అని కనిపిస్తుంటే ఇదే రోగం. ఎగ్జెక్ రాయడం మర్చిపోతే ఇంకో రకం తంటా: మీరు స్టాప్ కొడితే షెల్ పోతుంది, అసలు ప్రోగ్రామ్ మిగిలిపోతుంది. సీగ్రూప్ కాపలా ఇక్కడ లేదు కాబట్టి ఆ తేడా తెలిసొస్తుంది.

డిపెండెన్సీలు కూడా లేవు. ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్ కావాల్సిన సర్వీస్ రన్ స్క్రిప్ట్‌లో "డీబస్ ఉందా చూడు, లేకపోతే బయటికి వచ్చేయ్" అని రాస్తారు. లేకపోతే చస్తుంది, సెకను తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు కుదురుతుంది. మోటుగా ఉన్నా పనిచేస్తుంది. సిస్టమ్‌డిలా ఐదుసార్లకే అలిగి కూర్చోదు. లాగ్‌ల సంగతి మాత్రం మీరే చూసుకోవాలి: ప్రతి సర్వీస్ డైరెక్టరీలో ఇంకో చిన్న లాగ్ సర్వీస్ పెట్టాలి. పెట్టకపోతే ఎందుకు చచ్చిందో చెప్పే సాక్ష్యం దాదాపు ఉండదు.

ఎస్6, డినిట్, మిగతావి

ఎస్6 రాసింది లోరాన్ బెర్కో. అదీ డీమన్‌టూల్స్ వంశమే, కానీ రనిట్ వదిలేసిన ఖాళీలు పూరిస్తుంది. ఎస్6-ఆర్‌సితో డిపెండెన్సీలు వస్తాయి, సర్వీస్ సిద్ధమైందని తెలియజేయడానికి ఒక ఫైల్ డిస్క్రిప్టర్‌లోకి (తెరిచిన ఫైల్‌కి ఉండే నంబరు) న్యూలైన్ అక్షరం ఒకటి రాస్తే చాలు, లైబ్రరీ అక్కర్లేదు. సర్వీస్ నిర్వచనాలను ముందే డేటాబేస్‌గా కంపైల్ చేయాలి కాబట్టి డిపెండెన్సీల్లో తప్పుంటే బూట్ మధ్యలో కాకుండా అక్కడే దొరికిపోతుంది. సాంకేతికంగా నాకు అన్నిటికంటే నచ్చిన డిజైన్ ఇదే. అయినా కొత్తవాళ్లకి సిఫారసు చేయడానికి వెనకాడతాను. చిన్న చిన్న ప్రోగ్రామ్‌లు బోలెడు, ఏది ఎక్కడ కూర్చుంటుందో మనసుకెక్కడానికి రోజులు పడుతుంది.

డేవిన్ మెక్‌కాల్ రాసిన డినిట్ మధ్యేమార్గం. సర్వీస్ ఫైల్ సిస్టమ్‌డిలా చదవడానికి తేలిక, డిపెండెన్సీలు ఉన్నాయి, కనిపెట్టుకుని ఉంటుంది, మజల్ అనే చిన్న సి లైబ్రరీతో ఇబ్బంది లేదు, లైనక్స్ దాటి కూడా నడుస్తుంది. కైమెరా లేదా ఆర్టిక్స్ వాడాలనుకుంటే మొదట దీన్నే చూడండి. గీక్స్ సిస్టమ్ వాళ్ల షెపర్డ్‌లో సర్వీసులను గైల్ స్కీమ్ భాషలో రాస్తారు. ఆ భాష నచ్చితే పండగే, లేకపోతే దాని జోలికి వెళ్లే కారణం లేదు.

లైనక్స్‌కి బంధువులైన మరో యూనిక్స్ కుటుంబం బీఎస్‌డీల్లో ఎంపిక అనే ప్రశ్నే పెద్దగా రాదు. ఫ్రీబీఎస్‌డీలో ఆర్‌సి.కాన్ఫ్‌లో ఒక లైన్, ఓపెన్‌బీఎస్‌డీలో ఆర్‌సిసిటిఎల్. శుభ్రంగా, ప్రశాంతంగా ఉంటుంది. చచ్చిన సర్వీసును మాత్రం లేపవు. ఫ్రీబీఎస్‌డీలో డీమన్ అనే కమాండ్‌కి -ఆర్ ఇచ్చి ఆ పని చేయించుకోవచ్చు. సొలారిస్ వారసుడైన ఇల్యుమోస్‌లో ఉన్న ఎస్ఎంఎఫ్ అనే సర్వీస్ మేనేజర్ 2005లో సొలారిస్ 10తో వచ్చింది. ఎక్స్ఎంఎల్ రాయలేక చేతులు నొప్పి పుడతాయి గానీ, ఎస్‌వీసీఎస్ -ఎక్స్ కొడితే ఏ సర్వీస్ ఎందుకు ఆగిందో, దానివల్ల ఇంకెన్ని ఆగాయో, లాగ్ ఎక్కడుందో చెప్పేస్తుంది.

కంటైనర్‌లో అయితే

కంటైనర్‌లో మీ అప్లికేషనే ప్రాసెస్ నంబరు 1. ఆ నంబరుకి కెర్నల్ ఇచ్చే మర్యాద ఒకటుంది: ఆగిపొమ్మని చెప్పే సిగ్టర్మ్ సిగ్నల్‌కి తను హ్యాండ్లర్ (స్పందించే కోడ్) పెట్టుకోకపోతే, ఆ సిగ్నల్ దాని మీద పనిచేయదు. అందుకే డాకర్ స్టాప్ కొట్టాక పది సెకన్లు కదలకుండా ఉండి, తర్వాత బలవంతంగా చంపబడే కంటైనర్లు అంత ఎక్కువ. రన్ చేసేటప్పుడు --ఇనిట్ ఇస్తే టిని అనే బుల్లి ప్రోగ్రామ్ ఆ సీట్లో కూర్చుని సిగ్నల్స్ అందిస్తుంది, చచ్చిన పిల్లల లెక్కా మూస్తుంది. ఒక కంటైనర్‌లో ఒకే ప్రాసెస్ ఉంటే ఇంతకుమించి అక్కర్లేదు. రెండు మూడు తప్పవంటే ఎస్6-ఓవర్‌లే చూడండి. కంటైనర్‌లో సిస్టమ్‌డి పెట్టాలనిపిస్తే, మీకు నిజంగా కావాల్సింది వర్చువల్ మెషిన్ ఏమో ఒకసారి ఆలోచించండి.

మరి ఏది తీసుకోవాలి?

ఆఫీసు సర్వర్లు, ఒకరికంటే ఎక్కువమంది చూసుకునే మెషిన్లు అయితే సిస్టమ్‌డి, మరో ఆలోచన వద్దు. అది అందంగా ఉందని కాదు, రేపు మీ సీట్లోకి వచ్చేవాళ్లకి తెలిసేది అదే కాబట్టి. గ్నోమ్ డెస్క్‌టాప్ కావాలన్నా అంతే. సిస్టమ్‌డిలోని లాగిన్ భాగాన్ని విడదీసి చేసిన ఇ-లాగిండ్ అనే అద్దె ఇంజిన్‌తో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చినా, ఆ డెస్క్‌టాప్ సిస్టమ్‌డికి రోజురోజుకీ దగ్గరవుతోంది. ఒక్కరే చూసుకునే మెషిన్, నడిపేవి మీరు రాసిన ప్రోగ్రామ్‌లే అయితే వాయిడ్ మీద రనిట్ పెట్టి చూడండి. డిస్క్, మెమొరీ తక్కువున్న పెట్టెలకి ఆల్పైన్. నేర్చుకోవాలనే కుతూహలం ఉంటే ఆర్టిక్స్‌లో ఎస్6.

ఏదైనా ఖాయం చేసుకునే ముందు ఒక వర్చువల్ మెషిన్‌లో మీ సొంత సర్వీసును పెట్టి ఓ సాయంత్రం ఏడిపించండి. మెయిన్ ప్రాసెస్‌ని కిల్ -9 (బలవంతంగా చంపే కమాండ్) కొట్టి, ఎన్ని సెకన్లకి లేచిందో చూడండి. డేటాబేస్ పాస్‌వర్డ్ కావాలని తప్పు రాసి స్టార్ట్ చేసి, రెండు నిమిషాల తర్వాత పాస్‌వర్డ్ సరిచేసి, అదే కోలుకుందో మీరు లేపాల్సి వచ్చిందో చూడండి. ఎందుకు పడిందో లాగ్‌లో వెతకడానికి ఎన్ని కమాండ్లు పట్టాయో లెక్కపెట్టండి. స్టాప్ కొట్టాక పిల్ల ప్రాసెస్‌లు ఏవైనా మిగిలాయేమో పీఎస్ కమాండ్‌తో చూడండి. ఆఖరికి షట్‌డౌన్ చేయకుండా ఆ వర్చువల్ మెషిన్ పవర్ లాగేసి మళ్లీ ఆన్ చేయండి. మేము ఆ ఒక్క పరీక్ష చేసి ఉంటే 614 సంగతి పట్టపగలే, కాఫీ చేతిలో ఉండగా బయటపడేది.